గరికకు ఎండాకాలం సేవ

పిల్లలూ, ఈ పాఠం ఒక ఫోన్ కాల్ వల్ల పుట్టింది. మన క్లాసులో చదివిన ఒక అన్నయ్య ఈ మే నెలలో హైస్కూల్ పూర్తి చేశాడు. సెలవుల్లో ఇక్కడే, అట్లాంటా దగ్గర ఒక గోల్ఫ్ మైదానంలో పనికి చేరాడు. ఒంగోలులో ఉన్న అమ్మమ్మ ఫోన్ చేస్తే "నేను గడ్డి కోస్తున్నా అమ్మమ్మా" అన్నాడట. అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఆవిడ "ఇంత చదివించింది గడ్డి కోయడానికా నాన్నా? ఏదీ, మీ అమ్మకివ్వు ఫోను" అన్నారట.

"ఆంటీ, నేను చేసేది చెప్పడానికి నా దగ్గర తెలుగు మాటల్లేవు" అని వచ్చాడు. నిజమే. మన ఊళ్ళలో గడ్డి కోయడమంటే కొడవలి పట్టుకొని గట్ల మీద గేదెలకి మేత కోసుకు రావడం. అందులో తప్పేం లేదు, మా అమ్మ కూడా కోసింది. కానీ ఇతను చేసే పని వేరు. అందుకని ఇద్దరం కూర్చుని మాటలు వెతికాం. అవే ఈ పాఠం.

మొదటి మాట గరిక. అతను "బెర్ముడా గ్రాస్" అన్నది మన గరికే! వినాయక చవితికి పూజలో పెడతామే, అదే. మాది గుంటూరు వైపు. మా నాన్నగారికి చేలో గరిక కనిపిస్తే కోపం వచ్చేది. అది కలుపు. వేసవి దుక్కి దున్ని, పైకి తేలిన తీగల్ని ఏరి, గట్టు మీద కుప్ప వేసి ఎండబెట్టేవారు. ఒక్క కణుపు మిగిలినా మళ్ళీ చిగురిస్తుంది మరి. అక్కడ ఎండాకాలం గరికని చంపే కాలం. ఇక్కడ అదే ఎండాకాలం గరికకి సేవ చేసే కాలం. నేను వచ్చి ఏడాదే అయింది కదా, నాకు ఇది భలే విచిత్రంగా అనిపించింది.

గోల్ఫ్ మైదానంలో ఉండేది మామూలు గరిక కాదు, సంకరం. మన ఈ జార్జియాలోనే టిఫ్టన్ అనే ఊళ్ళో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గరికని ఆఫ్రికా గరికతో కలిపి కొత్త రకాలు తయారుచేశారు. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే వచ్చాయి. వీటికి మొలిచే విత్తనం రాదు. తీగ ముక్కలే నాటాలి. మా నాన్నగారు ఏ కణుపుల్ని ఏరి పారేశారో, ఇక్కడ వాటినే కొని నాటుతారన్నమాట.

చలికాలంలో గరిక గోధుమరంగుకి మారి నిద్రపోతుంది. వసంతంలో పచ్చబడుతుంది. రాత్రిళ్ళు కూడా వెచ్చగా ఉండే వేసవి మొదట్లో జోరుగా పెరుగుతుంది. అందుకే పెద్ద పనులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. మన బంధువులుండే న్యూజెర్సీ వైపు లెక్క వేరు. అక్కడ ఎక్కువగా చలిని ఇష్టపడే పచ్చిక ఉంటుంది. ఎండలు ముదిరితే దాని వేర్లు కురచబడతాయి, మిట్టమధ్యాహ్నం పైపైన నీళ్ళు చిలకరించి చల్లబరచాలి.

ఇక అన్నయ్య పని. తెల్లవారుజామున, ఆటగాళ్ళు రాకముందే మంచుతడి మీద మొదలవుతుంది. గ్రీన్ మీద, అంటే బంతి చివరికి చేరాల్సిన నున్నటి పచ్చిక మీద, గడ్డి ఎత్తు దాదాపు 3 మిల్లీమీటర్లు. రెండు పెన్నీలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, అంతే! ఆ యంత్రం కత్తెరలా కోస్తుంది. ఒక్కసారికి ఆకులో మూడోవంతుకి మించి కోయకూడదు. అందుకే రోజూ కోస్తారు. బంతి పడే గుంటని కూడా తరచుగా చోటు మారుస్తారు. ఒకేచోట అందరూ తొక్కితే నేల గట్టిపడుతుంది కదా.

అసలు చూడాల్సిన పని జూన్‌లో ఒక సోమవారం జరిగింది. ఆ రోజు ఆట లేదు. ఒక యంత్రం బోలు గొట్టాలతో గ్రీన్‌ని పొడుచుకుంటూ వెళ్ళింది. ప్రతి పోటుకీ వేలెడంత మట్టి ముక్క బయటికి వచ్చింది. నున్నటి పచ్చికంతా జల్లెడలా తయారైంది. మర్నాడు వచ్చినవాళ్ళు "డబ్బు కట్టి ఆడుకుందామని వస్తే ఇలా పాడుచేశారేంటి?" అని ఇతని మీదే విసుక్కున్నారట. కానీ అది పాడుచేయడం కాదు, నేలని గుల్ల చేయడం. మనుషులూ యంత్రాలూ తొక్కితొక్కి గట్టిపడిన నేలలో వేరుకి గాలి ఆడదు, నీరు ఇంకదు. ముక్కల్ని ఊడ్చేసి, ఆ రంధ్రాల్లో ఇసుక నింపి, నీరు పెడతారు. వేడికి గరిక రెండు మూడు వారాల్లో ఆ గాయాల్ని కప్పేస్తుంది. చలికాలంలో ఇదే పని చేస్తే మానదు.

ఇక్కడ ఒక వ్యాకరణం సంగతి. ఈ రెండూ చదవండి:

గాలి ఆడితే వేరు బతుకుతుంది.
గాలి ఆడితేనే వేరు బతుకుతుంది.

రెండోదాంట్లో "నే" చేరింది. "అలా అయితే తప్ప కాదు" అనే అర్థం వచ్చింది. చిన్న అక్షరమే గానీ, ఇంట్లో మీ అమ్మ "అన్నం తింటేనే ఫోన్" అన్నప్పుడు దాని బలం మీకు తెలిసే ఉంటుంది.

అన్నయ్య ఈ మాటలు కాగితం మీద రాసుకుని మళ్ళీ ఫోన్ చేశాడు. "గరిక పెంచుతున్నాం అమ్మమ్మా. నేల గుల్ల చేసి ఇసుక పోస్తున్నాం. గాలి ఆడితేనే వేరు బతుకుతుంది" అన్నాడు. ఆవిడ నవ్వారట. "గరికని పెంచడమేంట్రా, దానికి చావుంటే కదా!" అని, వెంటనే "సరే గానీ, ఎరువు ఏం వేస్తారు? ఒకేసారా, కొద్దికొద్దిగానా?" అని అడిగారట. కొద్దికొద్దిగానే అని చెప్పాడు. ఆ రోజు అరగంట మాట్లాడుకున్నారు. ఫోను అమ్మకివ్వమనలేదు.

మీ పని

ఫెయిర్‌వేలో గడ్డి 12 మిల్లీమీటర్లు ఉండాలి. మూడోవంతు నియమం తప్పకుండా ఉండాలంటే ఎంత ఎత్తు పెరిగేలోపు కోయాలి? లెక్క తెలుగులోనే చెప్పండి.

నీరు పెట్టడం, ఎండ కాయడం, తెల్లవారుజామున లేవడం: వీటితో "తేనే" వచ్చే వాక్యాలు మూడు రాయండి.

మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, మీరు ఈ వేసవిలో చేస్తున్న ఒక పని గురించి ఇంగ్లీషు మాటలు వీలైనంత తక్కువగా వాడి చెప్పండి. వాళ్ళు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో రాసుకుని వచ్చే ఆదివారం క్లాసుకి తీసుకురండి.