నలుగురితో సైకిలు – మరి చెమట మాటేమిటి?

"నిదానమే ప్రధానం" అని మన బడిలో పిల్లల చేత ప్రతి ఏడూ పలికిస్తాం. 2019 జనవరిలో నా రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరు గారు మాత్రం "మీకు నిదానం ఎక్కువైంది, ఇక చెమట పట్టాలి" అన్నారు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గుమ్మంలో నిలబడి తలుపు తడుతున్నట్టు లెక్క. మా నాన్నగారు ఆ గుమ్మం దాటి చాలా ఏళ్ళు బాధపడ్డారు కనక నాకు ఆ కాగితం చూడగానే కొంచెం భయం వేసింది.

వారంలో అయిదు రోజులు కంప్యూటరు ముందు కుర్చీ, శనివారం బడిలో కుర్చీ. మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆ ఆదివారం ఉదయం మన బడి కుటుంబాలతో సైకిలు సవారీ అప్పటికే మొదలైంది. తెల్లవారగానే పాన్సొడాన్ రేవులో పడవ ఎక్కి, నది దాటి దలాలో దిగి, ట్వాంటే వెళ్ళే రోడ్డు మీద వీలైనంత దూరం వెళ్ళి రావడం. రోడ్డు చదును, అటూ ఇటూ వరిచేలు, చూస్తే కోనసీమ గుర్తొస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లల నుంచి అరవై ఎనిమిదేళ్ళ తాతగారి దాకా పన్నెండు మందిమి. వేగం గంటకి 13 కిలోమీటర్లు, అదీ ఎవరికీ దాహం వేయకపోతే!

నిజం చెప్పొద్దూ, నాకు విసుగ్గా ఉండేది. కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో పాత అట్లాస్ సైకిలు మీద యానాం రోడ్డున కోరంగి దాకా ఊపిరి బిగపట్టి తొక్కినవాణ్ణి. ఇక్కడ నాడి కూడా లేవడం లేదు. అందుకని ఫిబ్రవరిలో ఒక ఆదివారం గుంపుని వదిలేసి ముందుకి దూసుకుపోయాను. దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆగి, చెమట తుడుచుకుని, గొప్పగా కూర్చున్నాను. పది నిమిషాలైంది, ఇరవై అయింది. ఎవరూ రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళేసరికి మన మూడో తరగతి అమ్మాయి సైకిలు చైను ఊడి, చక్రానికీ పళ్ళకీ మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఆ పిల్ల పడి మోకాలు చీరుకుపోయింది. తాతగారు తన టోపీ ఆ పిల్ల నెత్తిన పెట్టి ఎండలో పక్కన కూర్చున్నారు. కోప్పడలేదు. "రెంచీ నీ సంచిలో ఉండిపోయింది బాబూ" అన్నారు, అంతే.

నాకు వ్యాయామం కావాలి, గుంపునీ వదలకూడదు. ఇది కుదురుతుందా? ఆ రాత్రి కాగితం పెన్సిలు తీసుకున్నాను. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తప్పు చేస్తే పశ్చాత్తాపం కూడా లెక్కల్లోనే వస్తుంది మరి.

పిల్లలూ, సైకిలు తొక్కేటప్పుడు చదును రోడ్డు మీద మనం ప్రధానంగా ఇద్దరితో కుస్తీ పడతాం. ఒకటి నేల, అంటే టైరు దొర్లేటప్పుడు అణిగి లేవడంలో పోయే శక్తి. రెండోది గాలి. నేలకి అయ్యే ఖర్చు వేగంతో సమానంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఖర్చూ రెట్టింపు. గాలి అలా కాదు. వేగం రెట్టింపైతే గాలికి పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు! (రెండుని మూడుసార్లు హెచ్చవేయండి.) నేనూ సైకిలూ కలిపి 85 కిలోలు, నిటారుగా కూర్చునే మామూలు సైకిలు అనుకుని లెక్క వేస్తే, గాలి లేని రోజున 13 కిలోమీటర్ల వేగానికి నేలకి 24 వాట్లు, గాలికి 14 వాట్లు, మొత్తం 38. ఒక చిన్న బల్బు పాటి పని. అదే 26 కిలోమీటర్ల వేగానికి నేలకి 48, గాలికి 108, మొత్తం 156 వాట్లు. వేగం రెండింతలు, పని నాలుగింతలు. నాకు విసుగెందుకు వచ్చిందో ఇక్కడే తెలిసిపోయింది.

సరే, వేగం పెంచకుండా పని పెంచలేమా? అందరూ చెప్పే చిట్కాలు ఒక్కొక్కటీ లెక్కలో పెట్టి చూశాను.

అందరి నీళ్ళ సీసాలూ, పంపూ, పనిముట్లూ నేనే మొయ్యాలని మా ఆవిడ సలహా. (ఇందులో ఆవిడ స్వార్థం కూడా కొంత ఉందని నా అనుమానం.) ఇరవై కిలోల మూట క్యారియరుకి కడితే చదును రోడ్డు మీద పెరిగేది ఆరు వాట్లు కూడా కాదు! ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బరువు బరువే. నూటికి నాలుగు వంతుల ఏటవాలు ఉంటే అదే మూటకి మరో 28 వాట్లు కావాలి. మన దారిలో కొండలు లేవు, చిన్న వంతెనలే. కాబట్టి మూట సేవ కిందకి వస్తుంది గాని వ్యాయామం కిందకి రాదు.

ఇంకొందరు "బరువు గేరు వేసి తొక్కు" అంటారు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఒకే వేగంతో వెళ్తున్నంత సేపూ ఏ గేరు వేసినా బయటికి చేసే పని ఒకటే. బరువు గేరులో పెడల్ మీద ఎక్కువ బలం, తక్కువ తిప్పుళ్ళు. తేలిక గేరులో తక్కువ బలం, ఎక్కువ తిప్పుళ్ళు. రెండూ గుణిస్తే అదే అంకె. బరువు గేరు తొడ కండకి పనిచెబుతుంది, నిమిషం రెండు నిమిషాలు చొప్పున మంచిదే. గంటసేపు అలాగే తొక్కితే మోకాళ్ళు మొరపెట్టుకుంటాయి. తేలిక గేరులో నిమిషానికి వంద తిప్పుళ్ళు తిప్పితే మాత్రం ఒక తమాషా ఉంది. సైకిలుకి అదే 38 వాట్లు అందినా, కాళ్ళని అంత వేగంగా ఆడించడానికే ఒళ్ళు అదనంగా ప్రాణవాయువు ఖర్చు పెడుతుంది, నాడి లేస్తుంది. పక్కవాళ్ళకి మీరు కుట్టుమిషను తొక్కుతున్నట్టు కనిపిస్తారు, పట్టించుకోకండి.

టైర్లలో గాలి తగ్గించమని ఒక మిత్రుడు అన్నాడు. పని పెరిగే మాట నిజమే. గుంటలో పడగానే ట్యూబు నొక్కుకుని పంక్చరయ్యే మాట కూడా అంతే నిజం. వద్దు.

ఎదురుగాలి మాత్రం బంగారం. గంటకి 15 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే అదే 13 కిలోమీటర్ల వేగానికి 38 కాస్తా 87 వాట్లవుతుంది. అలాంటి రోజున పెద్దవాళ్ళు వంతులవారీగా ముందు నడవాలి. పిల్లలు వెనకే వస్తే వాళ్ళకి గాలి భారం కొంత తగ్గుతుంది, మనకి పని పెరుగుతుంది. అయితే గాలి మనం పిలిస్తే వచ్చేది కాదు కదా!

చివరికి దొరికిన ఉపాయం నేను ఫిబ్రవరిలో చేసినదానికి సరిగ్గా తలకిందులు. ముందుకి పోకూడదు, వెనకబడాలి! గుంపు వెళ్తూ ఉంటుంది, నేను రోడ్డు పక్కన దిగి మూడు నిమిషాలు ఆగుతాను. వాళ్ళు 650 మీటర్లు ముందుకి వెళ్తారు. అప్పుడు 26 కిలోమీటర్ల వేగంతో వెంటాడతాను. ఇద్దరి వేగాల తేడా గంటకి 13 కిలోమీటర్లు, కాబట్టి సరిగ్గా మూడు నిమిషాల్లో అందుకుంటాను. వాళ్ళ వేగానికి రెట్టింపు తొక్కితే, ఆగినన్ని నిమిషాలే వెంటాడే నిమిషాలు. క్రీడాకారులు గడియారం పెట్టుకుని చేసే "కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా" సాధన ఇదే. అందుకున్నాక అయిదు నిమిషాలు వాళ్ళతో కబుర్లు, మళ్ళీ ఆగడం. ఒక పూటలో ఆరుసార్లు చేస్తే 18 నిమిషాల గట్టి తొక్కుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సలహా ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. అంటే గట్టి నిమిషం ఒకటి మధ్యరకం నిమిషాలు రెండింటికి సమానం. ఆ 18 నిమిషాలు చిన్నవేం కావు.

అన్నిటికన్నా ముఖ్యం, వెంటాడేవాడికి గుంపంతా కళ్ళ ముందే ఉంటుంది. ఎవరి చైను ఊడినా, ఎవరు కింద పడినా, రెంచీ ఉన్న సంచి మూడు నిమిషాల్లో అక్కడికి చేరుతుంది. గుంపు చివర మరో పెద్దమనిషి తప్పకుండా ఉండాలి. మలుపులు, లారీలు ఉన్న చోట ఈ ఆట కట్టిపెట్టాలి. ముందుకి వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి, మళ్ళీ ముందుకి వెళ్ళే నాడె పద్ధతి కూడా ఉంది గాని, రోడ్డు మీద అన్నిసార్లు అడ్డంగా మలుపు తిరగడం నాకు నచ్చలేదు.

ఎంత గట్టిగా తొక్కుతున్నామో తెలియాలంటే 220 లోంచి వయసు తీసేసి నాడి లెక్కపెట్టమంటారు. అది సగటు లెక్క. మనిషికీ మనిషికీ పది, పన్నెండు కొట్టుకోవడాల తేడా మామూలే. పైగా ఏప్రిల్ ఎండలో అదే పనికి నాడి ఇంకా పైకి పోతుంది, అది మన ప్రతాపం కాదు, ఒంటిని చల్లబరచుకునే తిప్పలు. అందుకని మేము పద్యం పరీక్ష పెట్టుకున్నాం. తొక్కుతూ వేమన పద్యం అందుకోవాలి. మకుటం దాకా హాయిగా రాగం తీయగలిగితే అది షికారు. పాదానికొకసారి ఊపిరి తీసుకుంటే మధ్యరకం శ్రమ. రెండు మూడు మాటలకే ఆయాసం వస్తే గట్టి శ్రమ. నేను అందుకోగానే పిల్లలు "మాస్టారూ, పద్యం!" అని అరుస్తారు. మొదటి వారాల్లో రెండో పాదం దాటలేకపోయాను. ఇంట్లో ఎంత బతిమాలినా పద్యం చదవని పిల్లలు, నా చేత పూర్తి చేయించడానికి నాలుగు పాదాలూ తామే అందిస్తున్నారు.

ఒక రోజు దలా రేవు దగ్గర సైకా ఒకటి మమ్మల్ని దాటింది, కాదు, మేమే దాన్ని దాటాం. పక్కన రెండు సీట్లలో వీపులు ఆనించుకుని ఇద్దరు మనుషులు, ఒళ్ళో కూరల బుట్ట. తొక్కేవాడు బక్కమనిషి. అన్నీ కలిపి 230 కిలోలు అనుకున్నా, గంటకి 10 కిలోమీటర్ల వేగానికే 70 వాట్ల పైన పడుతుంది. నా సవారీకి దాదాపు రెట్టింపు, అదీ రోజంతా. నేను ఈ లెక్క చెబుతూ ఉంటే తాతగారు నవ్వి, "మా తాత ఇదే రంగూన్‌లో రిక్షా లాగాడు బాబూ, చేత్తో లాగే రిక్షా" అన్నారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ళని ఇక్కడ "కోరంగీలు" అనేవారు. ఓడరేవు మూటలూ, బియ్యం మిల్లులూ, రిక్షాలూ చాలావరకు వాళ్ళ భుజాల మీదే నడిచాయి. నేను సరదాగా సైకిలు మీద చూసొచ్చిన కోరంగి నుంచే ఆయన తాత పొట్ట చేతపట్టుకుని వచ్చాడట. ఆ తర్వాత కాసేపు నేను వాట్ల మాట ఎత్తలేదు.

నీళ్ళ సంగతి మరవకండి. ఇక్కడి ఉక్కలో గట్టిగా తొక్కితే గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోవచ్చు. పిల్లలు దాహం అడిగేదాకా ఆగకుండా మధ్య మధ్య తాగించాలి. ఉప్పు వేసిన మజ్జిగ ఉంటే మరీ మంచిది.

చివరగా టీ కొట్టు. నిదానంగా గంటన్నర తొక్కితే అదనంగా ఖర్చయ్యేది సుమారు 220 కిలోకేలరీలు. డబ్బాపాలు పోసిన ఒక లఫెయే, రెండు ఈక్యాక్వేలతో ఆ ఖాతా ఇంచుమించు సున్నాకి వస్తుంది. నేను ఇప్పుడు పాలు లేని టీకి మారాను. ఆ ఏడు ఆగస్టులో మళ్ళీ పరీక్ష చేయిస్తే 5.8 వచ్చింది. వెంటాడుడు వల్లే అని నేనంటాను, రాత్రి అన్నం తగ్గించడం వల్ల అని మా ఆవిడ అంటుంది. ఇద్దరిలో ఎవరిది రైటో తేల్చే లెక్క నా దగ్గర లేదు.

పెద్ద తరగతి పిల్లలకి మాత్రం ఒక లెక్క ఉంది. గుంపు గంటకి 12 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది. మాస్టారు 4 నిమిషాలు ఆగి, 20 కిలోమీటర్ల వేగంతో వెంటాడారు. ఎన్ని నిమిషాల్లో అందుకుంటారు? ఆలోగా ఆయన ఎంత దూరం తొక్కుతారు? జవాబులు తెలుగు అంకెల్లో రాసి తీసుకురండి.