పిల్లలకు సినిమా, అమ్మకు వంటల పుస్తకం

ప్రశ్న: మాది చంద్రపూర్. ఇద్దరం డ్యూటీలకు వెళ్తాం. పిల్లలకు 14, 16 ఏళ్ళు. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, బడిలో మరాఠీ. వాళ్ళకు ఏ సినిమాలు చూపించాలి? త్వరగా అయ్యే వంటలకు ఏ పుస్తకం కొనాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు సినిమా సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. 2024 నుంచి యూఏలోనే 7, 13, 16 ఏళ్ళని మూడు మెట్లు పెట్టారు. అయితే అది ఏది వద్దో చెబుతుంది, ఏది మంచిదో చెప్పదు.

నన్నడిగితే ‘మల్లేశం’ (2019). చీర నేతకు దారం ఆసు పోసీ పోసీ అమ్మ భుజం పడిపోతుంటే చూడలేక, చదువు మధ్యలో ఆగిన కుర్రాడు యంత్రం కడతాడు. చింతకింది మల్లేశం నిజ జీవితమే అది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ యాస మీ పిల్లల చెవికి కొత్తేమీ కాదు. తర్వాత నాగరాజ్ మంజులే మరాఠీ ‘ఫండ్రీ’. కులం గురించి ప్రశ్నలొస్తాయి, పక్కనే కూర్చోండి. హాయిగా నవ్వుకోవాలంటే ‘మాయాబజార్’ ఉండనే ఉంది.

వంటకు మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ మీకు. కమలాబాయి ఓగలే మరాఠీ ‘రుచిరా’ పిల్లలకు. అందులో కొలతలు గ్రాముల్లో కాదు, గిన్నెల్లో, చెంచాల్లో. పెద్దవాడు చదువుతుంటే మీరు పోపు వేయొచ్చు. రంగుల బొమ్మల పుస్తకాలు నేను కొనను. ఇంట్లో లేని దినుసులే అడుగుతాయి. ఏ పుస్తకమైనా ముందు పప్పు పేజీ తీసి చూడండి. మీ డబ్బాల్లో ఉన్నవాటితో అయ్యేలా లేకపోతే అక్కడే పెట్టేయండి.