జీవకాంతి, జీవగడియారము: విద్యార్థికి ఒక ప్రయోగ ప్రణాళిక

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో అగ్నిపర్వతపు నమూనాలును సౌరకుటుంబపు అట్టబొమ్మలును ఏటేటా దర్శనమిచ్చుచుండుట చూచినప్పుడు, మన బాలబాలికల శ్రద్ధకు కొరత లేదనియు, లోపమెల్ల ప్రశ్నను ఎంచుకొనుటయందే యున్నదనియు తోచకమానదు. జీవశాస్త్రమును వృత్తిగా స్వీకరింపదలచిన విద్యార్థి, ఇంటర్మీడియట్ ముగియులోపల ఒక్కమారైనను, తాను వేసికొనిన ప్రశ్నకు తానే ప్రయోగముచేత సమాధానము రాబట్టుకొనవలెను. అట్టి అభ్యాసమునకు జీవకాంతియు, దానిని శాసించు జీవగడియారమును మిక్కిలి అనువైన విషయములు.

లూసిఫెరిన్ అను పదార్థము లూసిఫెరేస్ అను ఎంజైము తోడ్పాటున ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టు చల్లని వెలుగే జీవకాంతి. మిణుగురులయందు అది పసుపు కలిసిన ఆకుపచ్చగాను, సముద్రమునందలి డైనోఫ్లాజెల్లేట్లు అను ఏకకణజీవులయందు నీలముగాను గోచరించును. ఈ సూక్ష్మజీవులు రాత్రివేళ నీరు కదిలినంతనే క్షణకాలము తళుక్కుమనును. పగటివేళ ఎంత కదిలించినను అట్లు మెరయవు. బియాట్రిస్ స్వీనీ, వుడ్‌లాండ్ హేస్టింగ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1950ల దశకమున ఇట్టి జీవులను మార్పులేని మసకవెలుతురునందు ఉంచి పరిశీలింపగా, వెలుపలి రాత్రింబవళ్ల జాడ తెలియకున్నను ఆ లయ కొనసాగుట కన్పట్టినది. వేళలను ఇట్లు లెక్కించు జీవి లోపలి ఏర్పాటునే జీవగడియారమందురు.

విద్యార్థి వేసికొనదగిన ప్రశ్న ఇదియే: మెరపునకు కారణము చీకటియా, లేక జీవి లోపలి గడియారమా? పైరోసిస్టిస్ అను డైనోఫ్లాజెల్లేట్ ప్రజాతికి చెందిన జీవులను మార్గదర్శక ఉపాధ్యాయుని ద్వారా తెప్పించి, పరీక్షనాళికలలో పోసి, వానిని రెండు వర్గములు చేయవలెను. టైమరు అమర్చిన దీపముల క్రింద మొదటి వర్గమునకు ఉదయము 6 నుండి సాయంత్రము 6 వరకును, రెండవ వర్గమునకు సాయంత్రము 6 నుండి ఉదయము 6 వరకును వెలుతురు లభింపజేసి, వారము పదిదినములు ఆ క్రమమునకు అలవాటుపడనిచ్చి, పిమ్మట ఒకనాటి ఉదయము 6 గంటలకు రెండింటిని ఒకే చీకటిపెట్టెలో ఉంచవలెను. మధ్యాహ్నము 12 గంటలకు రెండు వర్గములును ఆరేసి గంటలకు తక్కువ కాకుండ చీకటియందే యున్నవి గనుక, అప్పుడు కదిలించినప్పుడు రెండవ వర్గము మాత్రమే చక్కగా మెరసినచో, భేదమునకు మూలము వాని అంతర్లయయే యగును. ఆనాటి అర్ధరాత్రి మొదటి వర్గము మెరసినప్పుడే ఈ నిర్ణయము స్థిరపడును. లేనిచో ఆ నాళికలలోని జీవులు నశించినవేమో అను సందేహము మిగిలిపోవును.

ఈ చీకటి నిరీక్షణమును విడువరాదు. వెలుతురు సోకుటయే మెరపును అణచును గనుక, దీపము క్రిందనుండి తీసిన నాళికను వెంటనే కదిలించి చూచుట గడియారమును గూర్చి ఏమియు తెలుపదు. మరియు ఒకే నాళికను మాటిమాటికి కదిలించినచో కాంతి క్షీణించును. కావున ప్రతి సమయమునకు వర్గమునకు మూడేసి వేరు నాళికలను ఏర్పరచుకొనవలెను. పరిశీలకుడు చీకటిలో పది నిమిషములు కూర్చుండి కన్నులకు అలవాటు చేసికొని, ఏ నాళిక ఏ వర్గమునకు చెందినదో తనకు తెలియకుండగనే, మెరపునకు 0 నుండి 3 వరకు అంకె వేయవలెను.

సముద్రజీవులు లభింపనిచో నిరాశ చెందనక్కరలేదు. 1729లో ఫ్రాన్సునందు డి మేరాన్ చీకటియందుంచిన అత్తిపత్తి వంటి మొక్క ఆకులు వేళకు విచ్చుకొని వేళకు ముడుచుకొనుటను చూచి జీవగడియారముల శాస్త్రమునకు నాంది పలికెను. మన పెరటి అత్తిపత్తితోను, రాత్రి ఆకు ముడుచు చింతమొలకతోను ఇదే ప్రయోగమును కుండీలయందు సాగింపవచ్చును.

ఈ మార్గమున ముందునకు సాగదలచువారికి ద్వారములు పెక్కు గలవు. జీవగడియారపు అణుయంత్రాంగమును విశదపరచిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనువారికి 2017లో నోబెల్ బహుమతి లభించినది. మన దేశమున ఎం.కె. చంద్రశేఖరన్ మదురైలో గుహావాసులైన గబ్బిలములపై పరిశోధించి ఈ శాస్త్రమును పెంపొందించెను. బైపీసీ పూర్తిచేసినవారు ఐఐఎస్ఈఆర్ ప్రవేశపరీక్ష ద్వారా తిరుపతి సంస్థలో చేరవచ్చును. బీఎస్సీ, ఎమ్మెస్సీల అనంతరము సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ద్వారా ఫెలోషిప్ పొంది, హైదరాబాదు సీసీఎంబీ వంటి సంస్థలలో పరిశోధనకు యత్నింపవచ్చును. సముద్రజీవశాస్త్రమున అభిరుచి గలవారికి విశాఖపట్నమున ఆంధ్ర విశ్వవిద్యాలయము కలదు. పరిశోధనయే గమ్యము కానివారికిని నిద్రావైద్యమునందును, ఔషధ పరీక్షలయందును, మిణుగురు లూసిఫెరేస్‌తో ఆహారశాలల, ఆసుపత్రుల పరిశుభ్రతను నిర్ణయించు ప్రయోగశాలలయందును ఈ విద్య అక్కరకు వచ్చును.

ఫలితము అనుకున్నట్లు రాకున్నను అంకెలను దిద్దక, చూచినది చూచినట్లు రికార్డు పుస్తకమున వ్రాసికొనుడు. మీరు నాళికలను ఏల విడివిడిగా ఉంచితిరో, ఆరు గంటలు ఏల వేచియుంటిరో చెప్పగలిగిననాడు, ఆ ప్రాజెక్టు బహుమతి పొందినను పొందకున్నను, శాస్త్రవృత్తికి కావలసిన తొలి అర్హతను మీరు సంపాదించినట్లే.