సోలార్ ప్యానెల్‌లో ఫాల్ట్ ఉందని ఏఐ చెప్తే నమ్మేయొచ్చా? తప్పు లేబుల్‌ని పట్టుకోవడం ఇలా

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్క్ కెపాసిటీ 1000 మెగావాట్లు. ప్యానెళ్లు లక్షల్లో ఉంటాయి. అంత పెద్ద సైట్‌లో మనిషి ఒక్కో ప్యానెల్ దగ్గరికెళ్లి చూడటం అయ్యే పని కాదు. అందుకే పెద్ద ప్లాంట్లలో థర్మల్ కెమెరా ఉన్న డ్రోన్ ఎగరేస్తున్నారు. ఆ ఫోటోలు చూసి ఏఐ "ఇది హాట్‌స్పాట్, అది డయోడ్ ఫాల్ట్" అని మార్క్ చేస్తుంది. ఆ లేబుళ్లని మనిషి చెక్ చేసి సరిచేసే సాఫ్ట్‌వేర్ మీదే నేను పని చేస్తుంటాను.

లేబుల్ తప్పయితే ఏమవుతుంది అంటారా? ఎండలో టెక్నీషియన్ వెళ్లి, బాగున్న ప్యానెల్ విప్పి చూసి తిరిగొస్తాడు. అది పర్లేదు. నిజంగా కాలిపోతున్న కనెక్షన్‌కి "దుమ్ము" అని లేబుల్ పడితే మాత్రం అటువైపు ఎవరూ వెళ్లరు. అది మంటల దాకా పోవచ్చు.

ఎక్కువగా మోసం చేసేది రిఫ్లెక్షన్. ప్యానెల్ పైన ఉండేది గ్లాసే కదా, సూర్యుడి వేడి దాని మీద పడి తిరిగి కెమెరాలోకి వస్తుంది. ఫోటోలో అచ్చం హాట్‌స్పాట్‌లాగే ఉంటుంది. చెక్ చేయడం ఈజీ: అదే ప్యానెల్ ఉన్న ముందు ఫ్రేమ్, తర్వాతి ఫ్రేమ్ పక్కపక్కన పెట్టి చూడండి. డ్రోన్‌తో పాటు మచ్చ కూడా జరిగితే అది రిఫ్లెక్షన్. అదే సెల్ మీద కదలకుండా ఉంటే వేడి నిజమే.

వేడి నిజమైనంత మాత్రాన ఏఐ చెప్పిన కారణం నిజమని కాదు. పక్షి రెట్ట పడిన సెల్ మిగతా సెల్స్ అంత కరెంట్ ఇవ్వలేదు, వాటి పవర్ తన మీద పడి వేడెక్కుతుంది. మామూలు కలర్ ఫోటో జూమ్ చేస్తే తెల్ల మరక కనిపిస్తుంది. అప్పుడు లేబుల్ "క్లీనింగ్" అని మార్చాలి, ప్యానెల్ మార్చక్కర్లేదు. కడిగాక కూడా వేడి తగ్గకపోతేనే సెల్ దెబ్బతిన్నట్టు అనుమానించాలి.

ఇక డయోడ్. మామూలు 72 సెల్స్ ప్యానెల్‌లో 3 బైపాస్ డయోడ్‌లు ఉంటాయి, ఒక్కోటి 24 సెల్స్‌ని చూసుకుంటుంది. అందుకే ప్యానెల్‌లో సరిగ్గా మూడో వంతు పట్టీలా వేడిగా కనిపిస్తే ఏఐ వెంటనే డయోడ్ ఫాల్ట్ అంటుంది. కానీ కింద పెరిగిన గడ్డి నీడ పడినా డయోడ్ ఆన్ అయి అదే పట్టీ వస్తుంది. డయోడ్ తన డ్యూటీ తాను చేస్తోంది, పాపం దాని తప్పేం లేదు!

వరుస మొత్తం కాస్త వేడిగా ఉంటే అది స్ట్రింగ్ సమస్య: ఫ్యూజ్ పోయిందో, కనెక్టర్ ఊడిందో. ఏఐ దాన్ని ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో ఫాల్ట్‌గా లెక్కేస్తే అన్నింటినీ కలిపి ఒకటే టికెట్ చేయాలి. అంతకుముందు ఆ టైమ్‌లో ఇన్వర్టర్ ఆపారేమో సైట్ వాళ్లని అడగండి.

ఎండ కూడా చూసుకోవాలి. ఐఈసీ 62446-3 స్టాండర్డ్ ప్రకారం ప్యానెల్ మీద చదరపు మీటరుకి కనీసం 600 వాట్ల ఎండ ఉండాలి. మబ్బులో తీసిన ఫోటోలకి లేబుల్ మార్చి లాభం లేదు, మళ్లీ ఎగరేయడమే. అలాగే మామూలు జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ప్యానెల్ వెడల్పే సుమారు ఒక మీటరు. లేబుల్ కరెక్టే అయినా పిన్ పక్క వరుసలో పడొచ్చు. ఆర్‌టీకే ఉన్న డ్రోన్ అయితే ఈ తేడా సెంటీమీటర్లకి తగ్గుతుంది.

తప్పు దొరికితే చాలామంది డిలీట్ కొట్టేస్తారు. నాకు అది నచ్చదు. ఏఐ వేసిన లేబుల్ అలాగే ఉంచి, పక్కన సరైన లేబుల్, మార్చిన కారణం, మార్చిన వాళ్ల పేరు సేవ్ అవ్వాలి. "ఇది ఫాల్ట్ కాదు, రిఫ్లెక్షన్" అన్న ఫోటోలే మోడల్‌ని మళ్లీ ట్రైన్ చేయడానికి బాగా పనికొస్తాయి. ఇంకోటి, మార్క్ పడిన ఫోటోలే చెక్ చేస్తే ఏఐ వదిలేసినవి ఎప్పటికీ దొరకవు. అందుకే ఏ మార్కూ లేని ఫోటోలు కూడా ప్రతి ఫ్లైట్ నుంచి కొన్ని ర్యాండమ్‌గా తీసి రివ్యూ లిస్ట్‌లో కలపండి.