ఎక్స్‌రే గదిలో కంటికి కనిపించని మోతాదు

ఎక్స్‌రేకు, స్కానింగుకు వచ్చేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "రేడియేషన్ వల్ల ఏమైనా అవుతుందాండీ?" కొందరు భయపడి అవసరమైన పరీక్ష కూడా మానుకుంటారు. మరికొందరు తలనొప్పి వస్తే చాలు, "ఎందుకైనా మంచిది, స్కానింగు రాయండి" అని డాక్టరుగారిని పట్టుబడతారు. ఈ రెండూ మంచివి కావు. అందుకే ఈ సంచికలో రేడియేషన్ మోతాదు గురించి కొంచెం తెలుసుకుందాం.

మందుకు మోతాదు ఉన్నట్లే రేడియేషన్‌కూ ఉంది. దానిని మిల్లీసీవర్టులలో లెక్కిస్తారు. నేల నుండి, ఆకాశం నుండి, తినే ఆహారం నుండి మనిషికి సహజంగానే ఏడాదికి ప్రపంచ సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు అందుతుంది. ఒక్క ఛాతీ ఎక్స్‌రేలో అందేది 0.1 లోపే. తల సి.టి. స్కానులో సుమారు 2, కడుపు సి.టి. స్కానులో సుమారు 8 నుండి 10 వరకు ఉంటుంది. యంత్రాన్ని బట్టి, మనిషి శరీరాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ. పరీక్షలలో ఈ రేడియేషన్ అసలు లేదు. అన్నిటినీ "స్కానింగు" అనే ఒకే మాటతో పిలవడం వల్ల కొందరు గర్భిణులు అల్ట్రాసౌండ్‌కు కూడా భయపడుతుంటారు. ఈ అయోమయం చదువుకున్నవారిలోనూ ఉంది. 2003లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశీలనలో వైద్యులలోనే చాలామంది ఈ మోతాదులను అసలుకంటే బాగా తక్కువగా అంచనా వేశారు.

ఇంత మోతాదుతో వెంటనే ఏమీ కనిపించదు. చాలా ఏళ్ల తరువాత క్యాన్సర్ వచ్చే అవకాశం ఏ కొద్దిగానో పెరగవచ్చని భావించి జాగ్రత్త పడతాం. పిల్లల శరీరం దీనికి ఎక్కువ సున్నితం. అయితే తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు, పక్షవాతం వచ్చినప్పుడు సి.టి. తీయకపోవడమే అసలు ప్రమాదం. అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకూడదు.

ఇక మా పని సంగతి. పాత ఫిల్ము రోజుల్లో మోతాదు ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది. రేడియోగ్రాఫర్‌కు తన తప్పు అక్కడికక్కడే తెలిసేది. ఇప్పటి డిజిటల్ యంత్రాలలో అలా కాదు. మోతాదు కాస్త ఎక్కువైనా కంప్యూటర్ బొమ్మను సరిదిద్దుతుంది, పైగా బొమ్మ ఇంకా నున్నగా వస్తుంది. ఎవరూ ఫిర్యాదు చేయరు. అలా తెలియకుండానే మోతాదు నెమ్మదిగా పెరిగిపోతుంది. కాబట్టి రేడియోగ్రాఫర్ బొమ్మను చూసి తృప్తిపడక, పక్కన వచ్చే అంకెలను కూడా చూడాలి. సి.టి. యంత్రమూ స్కానుకు ఎంత మోతాదు వాడిందో తెరపై చూపిస్తుంది. ఊపిరితిత్తులు అడిగితే కడుపు దాకా పోకూడదు. నాలుగేళ్ల బిడ్డకు పెద్దవాళ్ల లెక్క పెట్టకూడదు. మా ఛాతీపై మీరు చూసే చిన్న బ్యాడ్జి మమ్మల్ని రేడియేషన్ నుండి కాపాడదు, మాకు అందినదెంతో తరువాత లెక్కచెబుతుంది, అంతే.

మీ వంతు కూడా కొంత ఉంది. నెలసరి తప్పినా, గర్భం అనే అనుమానం ఉన్నా గదిలోకి రాకముందే చెప్పండి. అత్తగారి ముందు చెప్పడానికి మొగమాటమైతే మా సిస్టరును పక్కకు పిలిచి చెప్పండి. పాత ఫిల్ములు, సి.డి.లు, రిపోర్టులు దాచి వెంట తీసుకురండి. గత నెలలో తీసినది చేతిలో ఉంటే మళ్లీ తీయవలసిన అవసరం చాలాసార్లు ఉండదు. ఫిల్మును మడవకండి, ఎండలో పెట్టకండి.

చంటిబిడ్డకు ఎక్స్‌రే తీసేటప్పుడు పట్టుకోవడానికి ఒకరు కావాలి. వారికి సీసపు ఏప్రన్ ఇస్తాం. తల్లి మళ్లీ గర్భవతి అయితే మాత్రం ఆమె బయటే ఉండాలి. తండ్రిగానీ అమ్మమ్మగానీ వెంట రావాలి.