వంటచెరకు శక్తి: ప్రాంతాలు, కాలక్రమం

నిర్వచనం: నేరుగా ఇంధనంగా వాడే, లేదా కర్రబొగ్గు తయారీకి వెళ్లే ముడి కలప. సంప్రదాయ జీవద్రవ్య ఇంధనం.

కొలమానం: వంటచెరకు ఘనపు మీటర్లలో, కర్రబొగ్గు విడిగా టన్నుల్లో.

శక్తి విలువ (కిలోకు, సుమారు): ఆరిన కట్టె 15-16 మెగాజౌళ్లు, కర్రబొగ్గు 30, ఎల్పీజీ 46. తేమ పెరిగితే విలువ తగ్గుతుంది.

గణాంకాల సంస్థ: ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ). స్థాపన 1945 అక్టోబరు 16, కేంద్రం రోమ్. అటవీ గణాంకాలు 1961 నుంచి.

ప్రపంచం: ఏటా సుమారు 190-200 కోట్ల ఘనపు మీటర్లు, నరికే కలపలో దాదాపు సగం. ప్రథమ స్థానం భారత్ (సుమారు 30 కోట్లు).

ప్రాంతాల తేడా
• అమెరికా: 1885 ప్రాంతంలో శక్తి వనరుగా కట్టెను నేలబొగ్గు దాటింది.
• ఆసియా: వంటచెరకు వాటా తగ్గుముఖం. కారణాలు: ఎల్పీజీ, విద్యుత్తు.
• ఆఫ్రికా: వాడకంలో పెరుగుదల. కారణాలు: జనాభా, పట్టణాల్లో కర్రబొగ్గు గిరాకీ.
• ఐరోపా: వాడకం కలప పెల్లెట్లు, తాపన కేంద్రాల రూపంలో.

భారత్
• కట్టెలతో వండే కుటుంబాలు: 2001లో 52.5%, 2011లో 49% (గ్రామీణ 62.5, పట్టణ 20.1).
• శుభ్రమైన వంట ఇంధనం వాడే కుటుంబాలు: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-4 (2015-16) 43.8%, సర్వే-5 (2019-21) 58.6%. సర్వే-5లో తెలంగాణ 91.8, ఆంధ్రప్రదేశ్ 83.6.
• ఉజ్వల యోజన (పేద మహిళలకు ఎల్పీజీ కనెక్షన్ల పథకం) ప్రారంభం: 2016 మే 1, బలియా (ఉత్తరప్రదేశ్). 2.0: 2021 ఆగస్టు 10, మహోబా.

రాజ్యాంగం: అధికరణ 48ఎ (పర్యావరణం, అడవుల రక్షణ) చేర్పు, అడవులు ఉమ్మడి జాబితాలోకి మార్పు: రెండూ 42వ సవరణ (1976) ద్వారా.

తికమక పెట్టే అంశం: 2001-11 మధ్య కట్టెలు వాడే కుటుంబాల శాతం తగ్గింది, సంఖ్య మాత్రం సుమారు 10 కోట్ల నుంచి 12 కోట్లకు పెరిగింది.

తప్పక చదవాల్సినవి: సుస్థిరాభివృద్ధి లక్ష్యం-7 (అందుబాటు ధరలో స్వచ్ఛ ఇంధనం, గడువు 2030), ఉజ్వల తేదీలు, 42వ సవరణ.