తెట్టు తీసే పని నేర్చుకుంటారా?

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్‌లోనో ఏదైనా లేత్ షెడ్డులోకి సోమవారం పొద్దున్నే వెళ్లండి. కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. మెషీన్ కింద ట్రేలో పాలలా ఉండాల్సిన కూలెంట్ మీద నల్లగా ఆయిల్ తెట్టు కట్టి ఉంటుంది. ఆదివారం మెషీన్ ఆగిపోయి, తెట్టు కింద గాలాడక బ్యాక్టీరియా పెరిగితే వచ్చే వాసన అది. ఆ కూలెంట్ నీళ్లను ఏం చేయాలో చెప్పే మనిషి కోసం షెడ్డు యజమాని వెతుక్కోవాల్సి వస్తోంది. డిప్లొమా, కెమికల్ ఇంజినీరింగ్, బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు పెద్ద ఫార్మా కంపెనీల్లో వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంట్ల (ఈటీపీల) వైపే చూస్తారు. ఒకసారి ఈ షెడ్ల వైపు కూడా చూడమంటాను.

ముందు ఆ ట్రేలోంచి ఒక లీటరు నీళ్లు గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి ఆయిల్ పైకి తేలితే పని సులువు. బెల్ట్ స్కిమ్మర్ చాలు. నీళ్లలో మునిగి తిరిగే బెల్టుకు ఆయిల్ అంటుకుంటుంది, పైనున్న పట్టీ దాన్ని గీకి డబ్బాలోకి దించుతుంది.

తెల్లారినా నీళ్లు పాలలాగే ఉంటే అసలు చదువు అక్కడ మొదలవుతుంది. సబ్బులాంటి మందు నూనె చుక్కల్ని నీళ్లలో పట్టి ఉంచుతుంది. ఆసిడ్‌తో పీహెచ్ దించి, పటిక వేసి ఆ పట్టు విడిపించాలి. ఎంత వేయాలో ఏ పుస్తకమూ చెప్పదు, ఈ వారం నీళ్లు పోయిన వారంలా ఉండవు. అందుకే జార్ టెస్ట్: ఆరు బీకర్లలో అవే నీళ్లు, ఒక్కోదానిలో కాస్త కాస్త పెంచిన డోసు. ఏ బీకరులో తెట్టు విడిపోయి అడుగున నీరు తేటగా కనిపిస్తుందో అదే మీ డోసు. ఇది కాలేజీ ల్యాబ్‌లో, రక్షణ కళ్లద్దాలు పెట్టుకునే చేయండి. నీళ్లలోకే ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు.

ఈ పని లేత్ షెడ్లతోనే ఆగదు. కార్ వాషింగ్ సెంటర్ల నుంచి, నీళ్లలోంచి ఆయిల్‌ను వేరుచేసే ట్రాప్ పనిచేయట్లేదని పిలిస్తే, ముందు వాళ్లు వాడే సబ్బు చూడండి. సబ్బూ, ప్రెషర్ నీళ్లూ కలిసి నూనెను సన్నటి చుక్కలుగా విరగ్గొడితే ఏ ట్రాపూ ఆపలేదు.

వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీళ్లలో ఆయిల్, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. లెక్కేస్తే, ఒక్క లీటరు ఆయిల్ దాదాపు 88 వేల లీటర్ల నీళ్లను ఆ హద్దుకు చేరుస్తుంది. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల ఎందుకో ఆ లెక్కే చెబుతుంది.

ఇలా తీసిన ఆయిల్, ప్రమాదకర వ్యర్థాల మీద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. అక్కడ నీరు తీసేసి, వాక్యూమ్‌లో డిస్టిల్ చేసి మళ్లీ బేస్ ఆయిల్ తీస్తారు. బట్టీలకు ఇంధనంగా అమ్మితే అందులోని లోహాలు పొగలో కలిసి, చుట్టుపక్కల పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి పాత ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యతలో లూబ్రికెంట్ తయారీదార్లకూ వాటా పెట్టారు. సేకరణ, శాంపిల్ పరీక్షలు, రికార్డులు చూసేవాళ్ల అవసరం అందుకే పెరుగుతుంది.

హైదరాబాద్ గచ్చిబౌలిలోని ఈపీటీఆర్ఐ అనే సంస్థ పర్యావరణ శిక్షణలు ఇస్తుంది, వాటి ప్రకటనలు గమనిస్తూ ఉండండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తోపాటు మూడు షెడ్ల నీళ్లకు మీరు చేసిన జార్ టెస్టుల నోటుబుక్కు తీసుకెళ్లండి. ఏ రోజు పీహెచ్ ఎంత, పటిక ఎంత, పైకి వచ్చిన తెట్టు ఎంత అన్నది మీ చేతిరాతలో ఉండాలి. కుదరని రోజులవి కూడా.